టీచర్ మారినా సాయం ఆగకూడదంటే

పిల్లల చదువుల గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఈసారి ఏడీహెచ్‌డీకి (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం కనిపించే సమస్య) సంబంధించినవి ఎక్కువగా ఉన్నాయి. రోగనిర్ధారణ ఎలా చేస్తారని అడిగినవారు తక్కువ. డాక్టరు చెప్పిన తర్వాత బడితో ఎలా నెగ్గుకురావాలన్నదే చాలామంది బాధ. నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాలకు ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. ప్రైవేటు బడిలో నాలుగో తరగతి చదువుతున్నాడు. వాడికి ఏడీహెచ్‌డీ ఉందని హైదరాబాద్‌లో డాక్టరు రెండేళ్ల కిందటే నిర్ధారించారు. పోయిన ఏడాది క్లాస్ టీచర్ వాణ్ని ముందు బెంచీలో కూర్చోబెట్టుకుని, సాయంత్రం డైరీ చూసి పంపేవారు. ఏడాదంతా ఫిర్యాదు లేకుండా గడిచింది. ఈ జూన్‌లో ఆమె ఉద్యోగం మానేశారు. కొత్త టీచర్ వాణ్ని వెనక్కి పంపారు, రోజూ డైరీలో ఎర్ర సిరాతో ఏదో ఒకటి రాస్తున్నారు. ప్రిన్సిపల్ గారిని కలిస్తే "సర్టిఫికెట్ ఉంటే తెండి, లేకపోతే టీసీ తీసుకుని వేరే బడి చూసుకోండి" అన్నారు. సదరం సర్టిఫికెట్ తెచ్చుకోవాలా? మా అత్తగారు మాత్రం నా గారాబం వల్లే వాడు ఇలా తయారయ్యాడంటున్నారు.
— ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: ముందుగా మీ అత్తగారి మాట. ఏడీహెచ్‌డీ గారాబం వల్ల రాదు. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించినది, వంశపారంపర్యపు పాలు ఇందులో చాలా ఎక్కువ. నెమ్మదిగా కనుక్కుంటే చిన్నప్పుడు ఇలాగే ఉన్నవారు ఇరువైపులా ఎవరో ఒకరు బయటపడే అవకాశం ఉంది.

ఇక సర్టిఫికెట్. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాల జాబితా ఉంది. అందులో ఆటిజం ఉంది, చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో వచ్చే నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉంది, కానీ ఏడీహెచ్‌డీ పేరు లేదు. అందువల్ల ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉన్న పిల్లవాడికి మెడికల్ బోర్డు నుంచి వైకల్య ధ్రువపత్రం వస్తుందన్న భరోసా లేదు. స్లాట్ బుక్ చేసి, పనులు మానుకుని, పిల్లవాణ్ని తిప్పి చివరికి ఉత్త చేతులతో తిరిగి రావలసి రావచ్చు. అయితే ప్రిన్సిపల్ గారు గమనించవలసింది ఒకటుంది: మీరు అడుగుతున్నవి పబ్లిక్ పరీక్షలో అదనపు సమయమూ కావు, ఫీజు రాయితీ కూడా కావు. పిల్లవాడు ఎక్కడ కూర్చోవాలి, డైరీ ఎవరు చూడాలి అన్నవి తరగతి గది నిర్ణయాలు. వాటికి ఏ బోర్డు సంతకమూ అవసరం లేదు. నిర్ధారణ చేసిన డాక్టరు లెటర్‌హెడ్ మీద రాసిచ్చే ఒక పేజీ లేఖ చాలు. పోయిన ఏడాది టీచర్ ఆ లేఖ కూడా అడగకుండానే చేశారు కదా.

టీసీ తీసుకోమనడం మాత్రం చట్టం దృష్టిలో చిన్న మాట కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు ఏ పిల్లవాణ్నీ బడి నుంచి బహిష్కరించకూడదు. 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. వికలాంగుల హక్కుల చట్టంలోని 16వ సెక్షన్, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థా వైకల్యం ఉన్న పిల్లలకు అవసరాన్ని బట్టి తగిన వెసులుబాట్లు కల్పించాలంటుంది. ఇవన్నీ మీకు తెలిసి ఉండాలి. కానీ మొదటి సమావేశంలోనే బల్ల మీద పరచకండి. చిన్న పట్టణాల్లో బడుల యాజమాన్యాలు ఒకరికొకరు తెలిసినవారై ఉంటారు, "గొడవ పెట్టే తల్లిదండ్రులు" అన్న పేరు మీకన్నా ముందు తరువాతి బడికి చేరుతుంది. సెక్షన్లు చదివి వినిపించినంత మాత్రాన పిల్లవాణ్ని ఓపికగా చూసుకునే టీచర్ తయారుకారు.

మీ ఉత్తరంలో నాకు కనిపించిన అసలు లోపం వేరు. పోయిన ఏడాది మీ బాబుకు అందిన సాయం ఒక మంచి మనిషి తలలో మాత్రమే ఉంది. ఆమె వెళ్లిపోగానే అది కూడా వెళ్లిపోయింది. కాబట్టి మీరు చేయవలసిన మొదటి పని ఆమెకు ఫోన్ చేయడం. ఉద్యోగం మానేసినా అర పేజీ రాసివ్వడానికి చాలామంది టీచర్లు కాదనరు. ఏ ఏర్పాటు పనిచేసింది, ఏది పనిచేయలేదు, ఏ పీరియడ్లలో కష్టంగా ఉండేది అన్నవి ఆమె మాటల్లోనే రాయించండి. సాటి టీచర్ రాసినదానికి కొత్త టీచర్ దగ్గర ఉండే విలువ డాక్టరు లేఖకు కూడా ఉండదు.

ఆ తర్వాత మీరే ఒక పేజీ తయారుచేయండి. దానిలో జబ్బు వర్ణన రెండు వాక్యాలు మించకూడదు. పిల్లవాడు దేనిలో చురుకో ముందు రాయండి: నోటి లెక్కలు వెంటనే చెబుతాడనో, కథ ఒకసారి వింటే మరచిపోడనో. తర్వాత అతన్ని పట్టాలు తప్పించేవి ఏమిటో రాయండి. బోర్డు మీది పెద్ద పేరా చూసి రాసుకోవడం, మధ్యాహ్నం చివరి పీరియడ్లు, ఒకేసారి చెప్పిన నాలుగైదు ఆదేశాలు సాధారణంగా ఇలాంటి పిల్లలను ఇబ్బంది పెడతాయి. చివరగా మీరు కోరే ఏర్పాట్లు. ఇక్కడే తల్లిదండ్రులు ఆశకు పోయి పదీ పన్నెండూ రాస్తారు, టీచర్ ఒక్కటీ చేయరు. మూడు చాలు. మీ విషయంలో మొదటిది తలుపుకూ కిటికీకీ దూరంగా ముందు బెంచీలో, నెమ్మదైన పిల్లవాడి పక్కన చోటు. రెండవది, ఇరవై లెక్కలు ఒకేసారి ఇవ్వకుండా పది ఇచ్చి, చూసి, మధ్యలో నోటుపుస్తకాలు స్టాఫ్ రూమ్‌లో ఇచ్చిరమ్మని ఏదో ఒక పనికి పంపి, మిగతా పది ఇవ్వడం. దీనివల్ల పని తగ్గదు, ముక్కలవుతుందంతే. మూడవది సాయంత్రం గంట కొట్టే ముందు డైరీ మీద టీచర్ పొడి సంతకం.

ఇదే డైరీని ఇంకో విధంగా కూడా వాడుకోవచ్చు. "చెయ్యెత్తి మాట్లాడాను", "మొదలుపెట్టిన పని ముగించాను", "వస్తువులు సర్దుకున్నాను" వంటి రెండు మూడు లక్ష్యాలను ఒక చిన్న కార్డు మీద రాసి, పీరియడ్ చివర టీచర్ టిక్ పెట్టేలా, సాయంత్రం ఇంట్లో ఆ టిక్కులను బట్టి ఒక చిన్న బహుమానం దొరికేలా చేస్తారు. రోజువారీ నివేదిక కార్డు అనే ఈ పద్ధతి ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు బడిలో బాగా పనిచేస్తుందని పరిశోధనల్లో నిలబడిన పద్ధతుల్లో ఒకటి. బహుమానం డబ్బుతో కూడినది కానక్కరలేదు, నాన్నతో బండి మీద ఒక చుట్టు తిరిగి రావడం చాలు. మొదట్లో లక్ష్యాలు తేలికగా ఉండాలి. మొదటి వారమే ఓడిపోయిన పిల్లవాడు కార్డును దారిలోనే పారేసి వస్తాడు.

ఈ పేజీ తీసుకుని క్లాస్ టీచర్, ప్రిన్సిపల్ ఇద్దరూ ఉన్నప్పుడు కలవండి. గేటు దగ్గర నిలబడి మాట్లాడినది లెక్కలోకి రాదు. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదానిపై "అందినది" అని తేదీతో సంతకం పెట్టించుకోండి. మొదటి ఫార్మేటివ్ పరీక్ష తర్వాత ఒకసారి, దసరా సెలవుల తర్వాత మరోసారి పది నిమిషాలు కలుస్తామని అప్పుడే చెప్పండి. ఇంత మర్యాదగా అడిగినా బడి తోసిపుచ్చితే, అదే ప్రతిని జతచేసి మండల విద్యాధికారికి, అక్కడా కదలకపోతే జిల్లా విద్యాధికారికి అర్జీ పెట్టండి. టీసీ కోసం ఒత్తిడి చేస్తే ఆ మాటను కాగితం మీద రాసివ్వమనండి. అలా రాసివ్వడానికి ముందుకొచ్చే యాజమాన్యాలు అరుదు.

ఒక హెచ్చరిక. అక్టోబరు నాటికి మీ బాబు కుదురుకుంటే "ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా, ఇవన్నీ ఎందుకు" అని టీచర్ అంటారు. మీకూ అలాగే అనిపిస్తుంది. కాపు బాగుందని సొరపాదు కింది పందిరి తీసేసినట్టవుతుంది అది. ఏదైనా తగ్గించాలనుకుంటే మూడింటిలో ఒక్కటి మాత్రమే తగ్గించి, నెల రోజులు చూసి, తర్వాతే రెండవదాని సంగతి ఆలోచించాలి. ఏప్రిల్‌లో బడి మూసేలోగా ఈ టీచర్ చేత కూడా అర పేజీ రాయించి ఫైలులో పెట్టండి. ఐదో తరగతి టీచర్‌కు అదే మీ పరిచయం.

ప్రశ్న: నా కొడుకూ కోడలూ పుణెలో భవన నిర్మాణ పనికి పోయారు. మనవరాలికి పదేళ్లు, మా దగ్గరే ఉండి ఊరి ప్రభుత్వ బడిలో ఐదో తరగతి చదువుతున్నది. అల్లరి అసలే లేదు. పిలిస్తే మూడోసారికి పలుకుతుంది, పలక బలపం నాటి నుంచీ ప్రతిదీ ఎక్కడో మరిచివస్తుంది. సార్లు మంచి పిల్ల, కానీ మొద్దు అంటారు. మహబూబ్‌నగర్‌లో పిల్లల డాక్టరు ఏడీహెచ్‌డీ అయి ఉండవచ్చన్నారు. ఎగరని దుంకని పిల్లకు ఆ జబ్బు ఎట్లా ఉంటుంది? వచ్చే ఏడు పక్క ఊరి హైస్కూలుకు పోవాలి.
— ఒక తాత, మక్తల్ దగ్గరి గ్రామం

జవాబు: మీ డాక్టరు గారి అనుమానం అర్థం లేనిది కాదు. ఏడీహెచ్‌డీలో అతి చురుకుదనం లేకుండా కేవలం ధ్యాస నిలవకపోవడమే ప్రధానంగా ఉండే రకం ఒకటుంది. ఆడపిల్లల్లో ఇది తరచుగా ఎవరి కంటా పడదు, ఎందుకంటే తరగతికి ఇబ్బంది పెట్టని పిల్ల గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు. అయితే నిర్ధారణకు కొన్ని షరతులున్నాయి: లక్షణాలు పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి, కనీసం ఆరు నెలలుగా ఉండాలి, ఇంట్లోనూ బడిలోనూ రెండు చోట్లా కనిపించాలి. చిన్ననాటి సంగతులు తల్లికే బాగా తెలుస్తాయి కాబట్టి, డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు కోడలితో ఫోన్‌లో మాట్లాడించండి.

అంతకన్నా ముందు లేవని తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. చూపు, వినికిడి పరీక్ష చేయించండి. రక్తహీనత ఉందేమో చూడమనండి. మూడుసార్లు పిలిస్తే గానీ పలకదన్నారు గనుక, మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని సెకన్లు చూపు నిలిచిపోయి, మళ్లీ ఏమీ జరగనట్టు కొనసాగిస్తుందా అన్నది ప్రత్యేకంగా గమనించి డాక్టరుకు చెప్పండి. మూర్ఛలో ఒక రకం ఇలాగే ఉంటుంది, దాని మందులు వేరు. తల్లిదండ్రులు దూరంగా ఉన్న దిగులు కూడా పిల్లల ధ్యాసను తినేస్తుంది. వలస వెళ్లడానికి ముందు ఈ మతిమరుపు ఉన్నదా, తర్వాతే వచ్చిందా అన్న ప్రశ్నకు మీరిచ్చే జవాబు చాలా ముఖ్యం.

ప్రభుత్వ బడిలో ఉండటం మీకు ఒక విధంగా మేలే. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు బడులకు వస్తాయి. వారు చూడవలసిన సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ, అభ్యసన లోపాలు రెండూ ఉన్నాయి. బృందం వచ్చిన రోజున పాపను తప్పక చూపించి, జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి రాసివ్వమని అడగమని హెడ్మాస్టరు గారికి ఇప్పుడే చెప్పి ఉంచండి. అక్కడ సేవలు ఉచితం. సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం రిసోర్స్ పర్సన్లు ఉంటారు. సార్లకు ఈ పిల్లతో ఎలా పని చేయించాలో చూపించగలవారు వారే. వారు ఎప్పుడు ఏ బడికి వెళతారో మండల విద్యా వనరుల కేంద్రంలో చెబుతారు.

హైస్కూలు గురించి మీ భయం న్యాయమైనది. ప్రాథమిక పాఠశాలలో ఒకరిద్దరు సార్లే అన్నీ చెబుతారు, ఆరో తరగతిలో సబ్జెక్టుకు ఒకరు మారుతుంటారు. పుస్తకాలూ, టైమ్ టేబులూ, హోంవర్కూ తనంతట తానే గుర్తుపెట్టుకోవలసి రావడం ఈ పాపకు అన్నిటికన్నా కష్టమైన మలుపు. టీసీ మీద ఇవేవీ ఉండవు. అందుకే టీసీతో పాటు ఐదో తరగతి సారుతో ఒక లేఖ రాయించుకుని, జూన్‌లో చేర్పించే రోజునే ఆరో తరగతి క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. అన్ని సబ్జెక్టులకూ ఒకే సంచి, ఒకే డైరీ, రాత్రి మీ ఎదుటే సర్దుకోవడం అలవాటు చేయండి. మొద్దు అన్న మాట ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి. సార్లతో కూడా ఆ మాట అనొద్దని మీ వయసుకున్న చనువుతో చెప్పవచ్చు. మీరు బడిలో మాట్లాడటానికి, ఆసుపత్రిలో సంతకం పెట్టడానికి ఇబ్బంది రాకుండా కొడుకు చేత ఒక అంగీకార పత్రం రాయించి దగ్గర ఉంచుకోండి. ఒకవేళ పాపను పుణె తీసుకుపోతే ఈ కాగితాలన్నీ వెంట వెళ్లాలి.

ప్రశ్న: మా అబ్బాయికి గురుకులంలో ఆరో తరగతిలో సీటు వచ్చింది. ఏడీహెచ్‌డీకి ఉదయం పూట మాత్ర వేసుకుంటాడు. ఈ సంగతి చెబితే సీటు పోతుందేమోనని చెప్పకుండా మాత్రలు పెట్టెలో పెట్టి పంపాలనుకుంటున్నాం.
— ఒక తండ్రి, వనపర్తి

జవాబు: దయచేసి అలా చేయకండి. వాడేది మిథైల్‌ఫెనిడేట్ అయితే అది చట్ట ప్రకారం నియంత్రణలో ఉన్న మందు. పదకొండేళ్ల పిల్లవాడి పెట్టెలో తాళం లేకుండా ఉండకూడదు, తోటి పిల్లలు మింగితే ప్రమాదం. పైగా ఉదయం వేళకు మాత్ర వేసుకోవడం గుర్తుపెట్టుకోవడమే ఈ పిల్లల వల్ల కాని పని. ప్రిన్సిపల్‌కూ, గురుకులంలో ఆరోగ్యం చూసే నర్సుకూ డాక్టరు చీటీ నకలుతో చెప్పి, మాత్రలు వారి దగ్గరే ఉంచండి. ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యం కావడం ఈ మందుతో వచ్చేవే. హాస్టల్లో వాటిని గమనించే అమ్మ ఉండదు కనుక, సెలవులకు వచ్చినప్పుడల్లా ఎత్తూ బరువూ చూపించండి. మందు వాడుతున్నాడన్న కారణంతో సీటు తీసేయడానికి ముందు చెప్పిన చట్టాలు ఒప్పుకోవు.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంట్‌ను. తొమ్మిదో తరగతిలో ఒక విద్యార్థికి ఏడీహెచ్‌డీ ఉంది. నోటితో అడిగితే చెబుతాడు, రాయమంటే మూడు ప్రశ్నల దగ్గరే సమయం అయిపోతుంది, అక్షరదోషాలు విపరీతం. నిండిన తరగతిలో నేను ఎంత చేయగలను? పదో తరగతి పరీక్షలో అదనపు సమయం ఇప్పించగలమా?
— ఒక ఉపాధ్యాయుడు, దేవరకొండ

జవాబు: తరగతిలో మీరు చేయగలిగిన వాటిలో చాలావరకు అందరికీ పనికివచ్చేవే. ఆదేశాన్ని బోర్డు మీద కూడా రాయడం, ఒక్కో అడుగుగా చెప్పడం, పాఠం మధ్యలో రెండు నిమిషాలు పిల్లలను లేపి నిలబెట్టడం ఒక్కరి కోసం చేసినట్టు కనిపించవు. పేరు పెట్టి గద్దించే బదులు బెంచీ మీద వేలితో తట్టడం వంటి సంకేతం ఒకటి అతనితో ముందే అనుకోండి.

పరీక్ష విషయంలో మీరు సరైన సమయానికే అడిగారు. మీరు చెప్పిన అక్షరదోషాలు, రాతలో నిదానం చూస్తే ఏడీహెచ్‌డీతో పాటు అభ్యసన వైకల్యం కూడా ఉండవచ్చు. ఈ రెండూ కలిసి ఉండటం చాలా సాధారణం. 21 రకాల జాబితాలో ఉన్నది ఆ రెండవది. కాబట్టి దానికి పరీక్ష చేయించడమే దారి. క్లినికల్ సైకాలజిస్టు తెలివితేటల పరీక్షతో పాటు చదవడం, రాయడం, లెక్కల సామర్థ్యాన్ని విడిగా చూస్తారు. జిల్లాలో ఆ సదుపాయం అందకపోతే సికింద్రాబాద్ బోయినపల్లిలోని జాతీయ మేధో వైకల్య సాధికారత సంస్థ, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం తెలిసిన చోట్లు. వెళ్లే ముందు ఫలానా పరీక్ష ఏ రోజుల్లో చేస్తారో ఆ సంస్థకే ఫోన్ చేసి కనుక్కోమని తల్లిదండ్రులకు చెప్పండి, కూలి పోగొట్టుకుని వచ్చేవారికి ఒక్క వృథా ప్రయాణం కూడా భారమే.

కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అభ్యసన వైకల్య ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండిన తర్వాతే ఇచ్చేవారు, పద్నాలుగేళ్లకూ పద్దెనిమిదేళ్లకూ మళ్లీ పరీక్షించాలనేవారు. ఆ మార్గదర్శకాలను 2024లో సవరించారు కాబట్టి ఇప్పటి నియమం పరీక్ష చేసేచోటే కనుక్కోండి. మూడో తరగతిలో సర్టిఫికెట్ తెచ్చుకున్న పిల్లలు కూడా సరిగ్గా తొమ్మిదో తరగతి దగ్గర దాన్ని పునరుద్ధరించుకోవలసి రావచ్చు. ఈ సంగతి తెలియక పదో తరగతిలో పరీక్షల ముందు పరుగులు పెట్టేవారు ఉన్నారు.

అభ్యసన వైకల్యం లేదని తేలితే దారులు పూర్తిగా మూసుకుపోవు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, రాయడంలో ఇబ్బంది ఉన్న అభ్యర్థికి సహాయకుణ్ని ఇవ్వడానికి నలభై శాతం వైకల్యాన్ని షరతుగా పెట్టకూడదని చెప్పింది. ఆ కేసు సివిల్ సర్వీసుల పరీక్షది, కనుక పదో తరగతిలో రాయితీ దానంతట అదే రాదు. హెడ్మాస్టరు ద్వారా డాక్టరు లేఖతో దరఖాస్తు జిల్లా విద్యాధికారి కార్యాలయానికి వెళ్లాలి, నిర్ణయం పరీక్షల విభాగానిది. ఆ దరఖాస్తుకు బలం చేకూర్చేది మీ దగ్గరే ఉంది. ఇప్పటి నుంచి ఫార్మేటివ్, సమ్మేటివ్ పరీక్షల్లో అతనికి మీరే పదిహేను ఇరవై నిమిషాలు ఎక్కువ ఇచ్చి, మామూలు సమయానికి ఎంత రాశాడో అక్కడ గీత గీసి, గీత కింద రాసినది వేరే రంగు సిరాతో రాయించండి. ఆ జవాబు పత్రాల నకళ్లు తేదీలతో ఫైలు చేయండి. వేసవిలో మీకు బదిలీ వస్తే ఆ ఫైలును హెడ్మాస్టరుకు అప్పగించి, పదో తరగతి క్లాస్ టీచర్‌గా వచ్చేవారికి అది ఎందుకో మీరే స్వయంగా చెప్పి వెళ్లండి.